వరద గొడ్లకు అటుకులు, అన్నం పెట్టకండి

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డు పల్లె. సెప్టెంబరు చివరి వరదకు ఊళ్లో గొడ్లు రెండు పగళ్లు, రెండు రాత్రులు మోకాలి లోతు నీళ్లలో మేత లేకుండా నిలబడ్డాయి. మా యువజన సంఘం నలభై రెండింటిని స్కూలు మెరకకు తోలి, సహాయంగా వచ్చిన అటుకులు, బెల్లం, ఉచిత వంటశాలలో మిగిలిన అన్నం పెట్టింది. కొండ దిగువన పాకల్లో కట్టిన పద్దెనిమిదింటికి అక్కడి గడ్డే. మర్నాటి నుంచి స్కూలు దగ్గర గొడ్లు మేత మానేశాయి. పళ్లు కొరకడం, నోట నురగ, ఆయాసం, పల్చటి పారుడు, చెవులు చల్లబడటం. ఐదు చనిపోయాయి. గొంతువాపు (సూక్ష్మజీవుల వల్ల వచ్చే ప్రాణాంతక పశురోగం) అంటూ మందుల షాపాయన ఆక్సీ (ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్) ఇంజెక్షన్లు ఇచ్చారు. ఈ ఏడాది మా ఊళ్లో ఏ పశువుకూ టీకా పడలేదు. సంఘం డబ్బుతో మిగతా అన్నింటికీ ఇంజెక్షన్ వేయించమంటారా? ఉబ్బరానికి నూనె తాగించిన రెండు ఆవులు దగ్గుతున్నాయి, వాటికేం చేయాలి?

జవాబు: వేయించకండి. మీ గొడ్లను చంపింది గొంతువాపు కాదు, మీరు పెట్టిన తిండి.

గొంతువాపు అయితే 105 నుంచి 107 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం ఉంటుంది. గొంతు కింద మొదలై గంగడోలు దాకా గట్టి వాపు వస్తుంది, చేయి వేస్తే వేడిగా ఉంటుంది, పశువు నొప్పికి తల తిప్పేస్తుంది. గురక నాలుగిళ్ల అవతలికి వినపడుతుంది. ఆవుల కంటే గేదెలు ముందు పడిపోతాయి. మీ ఉత్తరంలో వాపు మాటే లేదు, పైగా చెవులు చల్లబడ్డాయని రాశారు. కొండ దిగువ పద్దెనిమిదీ అవే వరద నీళ్లలో నిలబడ్డాయి, వాటికీ టీకా లేదు, అయినా వాటికి జబ్బు రాలేదు. తేడా ఒక్కటే: వాటికి అటుకులు అందలేదు.

జరిగింది ఇది. రెండు రోజులు మేత లేక పెద్ద పొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు సగం చచ్చి ఉన్నాయి. ఆ పొట్టలోకి అటుకులు, బెల్లం, మెత్తటి అన్నం ఒక్కసారిగా పడ్డాయి. కొన్ని గంటల్లో అవి పులిసి ఆమ్లంగా మారాయి. ఆ ఆమ్లం ఒంట్లోని నీటిని పొట్టలోకి లాగేస్తుంది. పొట్ట నిండుగా కనపడుతున్నా పశువు లోపల ఎండిపోతుంది, కళ్లు గుంటలు పడతాయి, తూలి పడిపోయి తల డొక్క మీదకు తిప్పి పడుకుంటుంది. రోజూ కుడితిలో చెంబెడు గంజి తాగే గొడ్డేగా అనుకుంటారు. చెంబెడు గంజి వేరు, ఆకలితో ఉన్న పశువు ముందు బకెట్టు అన్నం వేరు.

నా మాట నమ్మకుండా మీరే చూసుకోండి. మిగిలిన ప్రతి గొడ్డుకూ థర్మామీటరు మలద్వారంలో రెండు నిమిషాలు ఉంచి చూడండి. 103 దాటనిది గొంతువాపు కాదనే అనుకోవచ్చు. ఎడమ డొక్క గుంటలో పిడికిలి గట్టిగా నొక్కి తీయండి. పిండి ముద్దలో నొక్కినట్టు గుంట నిలిచినా, లోపల కుండలో నీళ్లు ఊగినట్టు చప్పుడైనా అది ఆమ్లమే. ఇక పేడ: గుప్పెడు తీసి చెంబు నీళ్లలో కలిపి పది నిమిషాలు తేరనివ్వండి. పుల్లటి వాసన, బూడిద పసుపు రంగు, అడుగున అరగని అటుకుల ముక్కలు కనపడితే ఇంకే పరీక్షా అక్కర్లేదు.

ముందుగా తొట్లలో ఉన్న అటుకులు, అన్నం, తవుడు అన్నీ తీసేయండి. ఎండు వరిగడ్డి తప్ప ఏదీ వద్దు. తిని ఇంకా నిలకడగా ఉన్న గొడ్లను గంటకోసారి పది నిమిషాలు నడిపించండి. తొలి 12 గంటలు వాటికి నీళ్లు ఒక్కోసారి రెండు మూడు లీటర్లకు మించి పెట్టకండి. కడుపునిండా తాగిస్తే పులుపు ఇంకా వేగంగా పెరుగుతుంది.

మేత మానేసి నిలబడగలుగుతున్న వాటికి తినే సోడా పట్టండి. లెక్క ఒంటి బరువు కిలోకు ఒక గ్రాము. మీ నాటు ఆవు రెండు క్వింటాళ్లు తూగదు కాబట్టి 150 గ్రాములు చాలు; గేదెకు 250, ఇరవై కిలోల మేకకు 20. లీటరున్నర గోరువెచ్చని నీళ్లలో పూర్తిగా కరిగించి (మేకకు పావు లీటరు) గొట్టంతో పట్టాలి, ఎనిమిది గంటల తర్వాత అందులో సగం మళ్లీ పట్టాలి. పొట్ట డప్పులా బిగిసి ఉంటే మాత్రం సోడా ఆపండి. సోడా కూడా గాలి పుట్టిస్తుంది. ముందు డాక్టరు చేత గాలి తీయించాలి. పడిపోయిన పశువుకు నోటి ద్వారా ఏదీ పట్టకండి. దానికి నరంలోకి సోడా సెలైన్, ట్యూబుతో పొట్ట కడగడం, ఆరోగ్యంగా ఉన్న గొడ్డు పొట్ట రసం మూడు నుంచి ఐదు లీటర్లు ఎక్కించడం లాంటివి కావాలి. అవి మీ లైవ్‌స్టాక్ ఎయిడ్ సెంటర్ ద్వారా పశువైద్యుడు చేయాల్సిన పనులు. 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం పిలిపించండి. "జ్వరం లేదు, అటుకులు తిన్నాయి, తూలుతున్నాయి" అని ఈ మూడూ చెప్పండి, తగిన సామాను తెచ్చుకుంటారు.

దగ్గుతున్న ఆవుల సంగతి. మూతి పైకెత్తి, నాలుక పట్టి లాగి నూనె పోసి ఉంటారు. నాలుక పట్టుకుంటే పశువు మింగలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి వాసన వేస్తుంటే ఆశ తక్కువ, అయినా ఈ రోజే డాక్టరుకు చూపించండి. ఏది పట్టినా మూతి కంటి ఎత్తును దాటకూడదు, గొట్టం దవడ పక్కనుంచి పెట్టాలి, దగ్గితే వెంటనే తల దించేయాలి.

మందుల షాపాయన గొడ్డును చూడలేదు, థర్మామీటరు పెట్టలేదు, గొంతు తడమలేదు. నురగ అని వినగానే సీసా తీశారు. ఆమ్లం పట్టిన పొట్టకు ఆక్సీ విరుగుడు కాదు, పోయింది విలువైన ఒక రోజు. రేపు "నీరసానికి" కాల్షియం సీసా కూడా చేతికిస్తారు. అది నరంలోకి వేగంగా ఎక్కితే గుండె ఆగిపోవచ్చు. సంఘం డబ్బుతో సిరంజీలు కాదు, గడ్డి కొనండి.

ఎంత గడ్డి? ఆవుకు, ఎద్దుకు రోజుకు ఐదు కిలోలు, గేదెకు ఆరేడు కిలోలు ఉంటే ప్రాణం నిలుస్తుంది. మీ ఊళ్లో మిగిలిన యాభై అయిదింటికి రోజుకు మూడు క్వింటాళ్ల దాకా. మీ వరి కోతలు నవంబరు చివరకు గానీ మొదలుకావు, కొత్త గడ్డి అప్పటిదాకా రాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడూ ఇదే చిక్కు: చేలో పైరు పడిపోయింది, పాత కుప్ప తడిసిపోయింది. సాయం చేస్తామని పర్లాకిమిడి నుంచో, గుణుపురం నుంచో, పాతపట్నం నుంచో ఫోన్ చేసేవాళ్లకు ఒకటే చెప్పండి: బియ్యం, రొట్టెలు, అటుకులు మనుషులకు, గొడ్లకు ముంపు లేని ఊళ్ల ఎండు గడ్డి. లారీ దించేటప్పుడు కట్ట మధ్యలో చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉన్నా, బూజు వాసన వచ్చినా తిప్పి పంపేయండి, ఉచితమైనా సరే.

ఊళ్లోనే తడిసిన కుప్పలు ఉంటే పైపొర, అడుగుపొర తీసి ఎరువు గుంటలో వేయండి. మధ్య గడ్డిని రోడ్డు మీద పలచగా పరిచి, తిరగేస్తూ రెండెండలు ఎండనివ్వండి. బూజు గడ్డి వారాల తరబడి తింటే గేదెలకు చెవి కొనలు, తోక చివర నల్లబడి ఎండి రాలిపోతాయి, గిట్టల దగ్గర పుండ్లు పడతాయి. దాన్ని డెగ్నాలా అంటారు. అప్పుడూ షాపుకు వెళ్తే గాలికుంటు (నోట్లో, గిట్టల్లో పుండ్లు పడే అంటురోగం) మందు ఇస్తారు.

గడ్డి చాలకపోతే విరిగిన అరటి బోదెలు రెండంగుళాల ముక్కలు చేసి పెద్ద పశువుకు ఐదారు కిలోలు, గడ్డితో కలిపి. అవిశ, సుబాబుల్, మునగ రెమ్మలు మూడు నాలుగు కిలోలు. మేకలకు పనస ఆకు. ఉప్పు రోజుకు 30 గ్రాములు. తవుడు మొదలుపెట్టడానికి వారం ఆగండి. నెమరు సరిగా వేస్తున్నాయని చూశాక పావు కిలో నుంచి ఎక్కించుకుంటూ కిలో దగ్గర ఆపండి. తాగే నీళ్లకు వెయ్యి లీటర్లకు 5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి గంట ఆగి పెట్టండి. పైరు పూర్తిగా పోయిన చేలో, నీరు తీయగానే, ఎకరాకు 15, 16 కిలోల మేత జొన్న చల్లుకోవచ్చు. పూతకు రాకముందు మాత్రం మేపకండి, లేత జొన్నలో విషం ఉంటుంది.

నానిన గిట్టలకు లీటరు నీళ్లలో 50 గ్రాముల మైలుతుత్తం కలిపి, ఆ నీళ్లలో రోజుకోసారి ఐదు నిమిషాలు నిలబెట్టండి, నాలుగు రోజులు. ఆ నీళ్లు గొడ్డు తాగకుండా చూసుకోండి. రెండు మూడు వారాల తర్వాత కొన్ని కుంటవచ్చు. నోట్లో పుండు, చొంగ లేకపోతే అది గాలికుంటు కాదు. పొట్టలో చేరిన ఆమ్లమే గిట్టను దెబ్బతీసింది.

చనిపోయిన వాటిని ఏటిలో వేయలేదనే అనుకుంటాను. పెద్ద పశువుకు ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గొయ్యి; బావికీ వాగుకూ దూరంగా, మెరక మీద. ఇకముందు ఏదైనా ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్ల రక్తం కారితే కోయకండి, తోలు తీయకండి. కుక్కలు దగ్గరికి రాకుండా కాపలా పెట్టి డాక్టరుకు కబురు చేయండి. అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు, కోరాపుట్‌లో అది మనుషులకూ అంటుకున్న రోగం.

పరిహారం మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు. 2026 మార్చి దాకా వర్తించే 2022–26 విపత్తు సహాయ నిబంధనల్లో పాడి ఆవుకు, గేదెకు 37,500 రూపాయలు, దుక్కిటెద్దుకు 32,000, మేకకు, గొర్రెకు 4,000 అని ఉంది. అది వరదకు చనిపోయిన వాటికి. అటుకులు తిని చనిపోయిన ఐదింటికి వస్తుందని ఆశ పెట్టుకోకండి. వరదలో కొట్టుకుపోయినవి ఉంటే ఫొటో, పంచనామా, పశువైద్యుడి కాగితం ఇప్పుడే సిద్ధం చేసుకోండి. గుర్తింపు పొందిన పశు శిబిరానికి పెద్ద పశువుకు రోజుకు 80, చిన్నదానికి 45 రూపాయల లెక్క కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మీ స్కూలు మెరకను శిబిరంగా గుర్తించమని తహసీల్దారుకు అర్జీ పెట్టండి, గడ్డి ఖర్చు కొంత తేలికవుతుంది.

ఇక టీకా. గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఏరువాకకు ముందు, మే, జూన్ నెలల్లో పడాలి. ఆ రోజు పొలం పనులని గొడ్లను విప్పలేదు, ఇప్పుడు ఆక్సీకి చందాలు ఎత్తుతున్నారు. టీకా వేసిన రెండు మూడు వారాలకు గానీ రక్షణ రాదు, కాబట్టి అది ప్రథమ చికిత్స కాదు. అయినా వరద తర్వాత నిజమైన గొంతువాపు రావడానికి అవకాశం ఎక్కువే. కొండ దిగువ పద్దెనిమిదింటికి ఈ వారమే వేయించండి. స్కూలు దగ్గరవి మేత పట్టి, పేడ గట్టిపడిన వారం తర్వాత. ప్రతి పశువుకూ కొత్త సూది. టీకా సీసాలు ఐసు పెట్టెలో రావాలి. మోటారు సైకిలు సంచిలో వచ్చిన సీసాను తీసుకోకండి. టీకాతో పాటే నట్టల మందు అని ఎవరైనా ఆల్బెండజోల్ పంచితే చూడి కట్టి నెలా పదిహేను రోజులు దాటని ఆవులకు వద్దు. నీరసించిన గొడ్లకు ఏ నట్టల మందూ ఇప్పుడే వద్దు. కార్జపు జలగలకు మూడు నాలుగు నెలల తర్వాత పేడ పరీక్ష చేయించి అప్పుడు చూద్దాం.

ఆక్సీ పడిన పాడి గొడ్ల పాలు చివరి ఇంజెక్షన్ నుంచి ఏడు రోజులు పారబోయండి. పాల కేంద్రానికి పోయకండి, శిబిరంలో టీ కాయడానికీ వాడకండి, దూడలకూ పట్టకండి.