కంప్యూటర్ తెరుచుకోవడానికి నాలుగైదు నిమిషాలు ఎందుకు పడుతుంది?

విండోస్ కంప్యూటర్ సిద్ధం కావడానికి నాలుగైదు నిమిషాలు పడుతోందంటే, చాలా సందర్భాలలో అందుకు కారణం పాతకాలపు హార్డ్ డిస్కు, దానికి తోడు లాగిన్ కాగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములు. విండోస్ మొదలయ్యేటప్పుడు డిస్కులో చెల్లాచెదురుగా ఉన్న వేలాది చిన్న ఫైళ్లను చదవాలి. నిమిషానికి 5400 సార్లు తిరిగే ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులో ప్రతిసారీ చదివే ముల్లు చోటు మారి, పళ్లెం తిరిగి ఆ భాగం దాని కిందికి వచ్చేదాకా ఆగాలి కనుక, అది సెకనుకు వందలోపు చోట్ల నుంచి మాత్రమే చదవగలదు. తిరిగే భాగాలే లేని కొత్తరకం నిల్వ పరికరం ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో వేల చోట్ల నుంచి చదువుతుంది.

ఉదాహరణకు, డెస్క్‌టాప్ కనబడగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచినప్పుడు, డిస్క్ గడి చాలాసేపు 100 శాతం దగ్గరే నిలిచి, సీపీయూ (ప్రాసెసర్) 10, 15 శాతమే చూపుతుంటే, ప్రాసెసర్ పనిలేక డిస్కు కోసం ఎదురుచూస్తోందని అర్థం. అక్కడే స్టార్టప్ యాప్స్‌లో అవసరం లేనివాటిని డిసేబుల్ చేయవచ్చు (యాంటీవైరస్ జోలికి మాత్రం పోకూడదు). అవి తొలగిపోవు, కావలసినప్పుడు తెరుచుకోవచ్చు.

ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములను ఉంచుకునే తాత్కాలిక మెమరీ) పెంచితే ఈ ఆలస్యం పోతుందన్నది తరచూ వినిపించే అపోహ. 4 జీబీకి బదులు 8 జీబీ ఉంటే ఒకేసారి పలు ప్రోగ్రాములు నడపడం సులువవుతుంది గాని, కరెంటు ఆగగానే ర్యామ్ ఖాళీ అవుతుంది కాబట్టి, మళ్లీ ఆన్ చేసినప్పుడు అంతా డిస్కు నుంచే రావాలి.