బాండు పేపరు మీద సర్పంచ్ అభ్యర్థి సంతకం చెల్లుతుందా?

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డు ఊరు. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో మా వదిన సర్పంచ్‌గా నిలబడుతోంది. 2018లో తిత్లీ తుఫాను చేసిన నష్టం చూశాక ఊళ్లో కుర్రాళ్లు వాతావరణం గురించి పట్టుదలగా ఉన్నారు. వంద రూపాయల బాండు పేపరు మీద హామీలు రాసి అభ్యర్థులందరినీ సంతకం పెట్టమంటున్నారు. చెరువు పూడిక తీయించాలి, గట్ల మీద చెట్లు పెంచాలి, సోలార్ దీపాలు వేయించాలి, ఏట్లో ఇసుక తవ్వకం ఆపాలి. మాట తప్పితే రాజీనామా చేయాలట. ముందుగా రామమందిరం కమిటీ దగ్గర యాభై వేలు కట్టాలి, మాట తప్పితే ఆ డబ్బు మందిరానికే. సంతకం పెడితే రేపు కేసు అవుతుందేమోనని వదినకు టెన్షన్, పెట్టకపోతే ఓట్లు పోతాయని అన్నయ్య భయం. ఏం చేయమంటారు?

జవాబు: సంతకం పెట్టమనండి. అయితే రాజీనామా, యాభై వేల షరతులు రెండూ కొట్టేయించాకే.

చెరువు బాగు చేయిస్తానని ఓటర్లకు మాటివ్వడం లంచం కాదు. భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ఎన్నికల లంచాన్ని నేరమంటూనే, ప్రజా విధానం ప్రకటించడం, ప్రజల కోసం ఫలానా పని చేస్తాననడం నేరం కాదని అక్కడే మినహాయింపు ఇచ్చింది. కాబట్టి పంచాయతీ నిధులతో వీధిలో సోలార్ దీపం వేయిస్తాననొచ్చు. అదే దీపం సొంత డబ్బుతో ఇంటింటికీ పంచుతానంటే కథ మారిపోతుంది. కాగితంలో ‘సోలార్ దీపాలు’ అని ఊరికే వదిలేయకుండా ఎక్కడ, ఏ నిధులతో అన్నది రాయించండి.

యాభై వేల సంగతి ఇంకా చిక్కు. ఓటు కోసం ప్రతిఫలం ఓటరు చేతికే ఇవ్వాలని లేదు, ఎవరికిచ్చినా ఆ సెక్షన్ కిందికి రావచ్చు. గుడికే కదా అని మీరనుకుంటారు, ఓడిపోయినవాడి వకీలు మొదట పట్టుకునేది ఆ రసీదునే. పుచ్చుకున్న కమిటీ పెద్దలూ ఇరుక్కుంటారు. శిక్ష ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంతకాల సభ కూడా మందిరంలో పెట్టకండి, ఎన్నికల ప్రచారానికి గుడి వాడకూడదు. సంతకం పెట్టని అభ్యర్థికి ఓటేస్తే ఊరి నుంచి వెలి అని ఎవరైనా బెదిరిస్తే అది 171వ సెక్షన్ కింద మరో నేరం. కుర్రాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పండి, ఉత్సాహంలో నోరు జారేది ఇక్కడే.

గెలిచాక మాట తప్పితే కోర్టుకు లాగొచ్చా అంటే, లాగలేరు. ఎన్నికల హామీ కాంట్రాక్టు కాదు. బాండు పేపరైనా, నోటరీ ముద్ర వేయించినా దానికి కొత్త బలం రాదు. రాజీనామా షరతూ అంతే, ముందే రాయించుకున్న కాగితం చూపించి ఎవరినీ దింపలేరు. అవిశ్వాసం పెట్టే అధికారం ఓటర్లది కాదు, వార్డు మెంబర్లది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ కూడా హక్కేనని 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఎం.కె. రంజిత్‌సిన్హ్ కేసులో చెప్పిన మాట నిజమే. దాన్ని పట్టుకుని ఒక సర్పంచ్ చేత చెరువు తవ్వించే ఉత్తర్వు వస్తుందని మాత్రం నేననను.

ఇసుక షరతు మార్చాలి. రేవు వేలం సర్పంచ్ చేతిలో లేదు, అది ప్రభుత్వ యంత్రాంగం పని. మీ జిల్లాలోనే గుమ్మ బ్లాకు షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. అక్కడ ఇసుక లాంటి చిన్న ఖనిజాల వేలానికి ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు కావాలి. కాశీనగర్ వైపు ఆ రక్షణ లేదు. అందుకే ‘ఆపుతాను’ బదులు ‘అక్రమ తవ్వకం కనబడితే తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తాను’ అని రాస్తే వదిన నిలబెట్టుకోగలదు. మిగతావి పంచాయతీ చేయగలిగినవే. చిన్న నీటిపారుదల, సామాజిక అడవులు, సంప్రదాయేతర ఇంధనం రాజ్యాంగం 11వ షెడ్యూల్లోనే, అంటే పంచాయతీలకు అప్పగించదగ్గ పనుల జాబితాలోనే ఉన్నాయి.

అసలు పట్టు బాండు పేపర్లో లేదు, పల్లీ సభ (ఊరి ఓటర్లందరి సభ) తీర్మానంలో ఉంది. ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం, 1964 ప్రకారం రాబోయే ఏడాది ఏ పనులు చేపట్టాలో పల్లీ సభ సిఫారసు చేయాలి. ఏటా ఫిబ్రవరిలో ఆ సభ జరగాలి. ఎవరు గెలిచినా మీరు పదిమందీ వెళ్లి చెరువు పేరు, చెట్లు నాటాల్సిన గట్టు పేరుతో సహా తీర్మానం రాయించండి. తర్వాత అది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కిందో లేదో చూడండి. ఎక్కకపోతే బీడీవోకు అర్జీ, ఆపైన సమాచార హక్కు కింద ఫారం-ఎ నింపి పది రూపాయల ఫీజుతో దరఖాస్తు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇంకొకటి, తీర్మానాల పుస్తకం ఒడియాలో రాస్తారు. మన ఊళ్లలో చాలామంది తెలుగులో మాట్లాడి, ఒడియాలో రాసినదాని కింద చదవకుండా సంతకం పెట్టి వస్తారు. ఒడియా చదవగలిగిన కుర్రాడి చేత అక్కడికక్కడే పైకి చదివించి, ఆ పేజీ ఫోటో తీసుకున్నాకే సంతకాలు పెట్టండి.