ఫైబర్ నెట్, దాని మీదే ల్యాండ్‌లైన్, మధ్యలో సొంత రౌటర్: మా ఇంట్లో ఏం జరిగిందంటే

ఊళ్ళో అమ్మానాన్నల ఇంటికి ఫైబర్ నెట్ పెట్టిస్తున్నారు, ల్యాండ్‌లైన్ కూడా దాని మీదే ఇస్తామన్నారు, మీ దగ్గర మంచి రౌటర్ ఒకటి ఖాళీగా ఉంది, కంపెనీ బాక్సు తీసేసి అదే పెట్టేయొచ్చా అని కదా అడిగారు. తీసేయకండి. మీ రౌటర్ నిక్షేపంగా వాడుకోవచ్చు గానీ, ఆ బాక్సు ఉండగానే, దాని వెనకాల. ఫోన్ ఉండేది ఆ బాక్సులోనే. మా నాన్నగారి ఫోన్ నాలుగు రోజులు మూగబోయాక నాకు తెలిసొచ్చిన సంగతి ఇది.

మాది భీమవరం దగ్గర పల్లె. నేనుండేది హైదరాబాద్‌లో. ఇంట్లో పాత రాగితీగ ఫోన్ ఉండేది, వాన పడితే గరగర, గట్టిగా పడితే అదీ ఉండదు. చివరికి అదే కంపెనీ ఫైబర్‌కి మారాం కాబట్టి నంబరు మారలేదు. మీరూ ఈ ముక్క ముందే అడగండి. మొబైల్‌లాగా నంబరు పట్టుకుని ఇంకో కంపెనీకి మారే వీలు మన దేశంలో ల్యాండ్‌లైన్‌కి లేదు. నాన్నగారికి నెట్ ఉన్నా లేకపోయినా ఒకటే, ఆ నంబరు మాత్రం ఉండాలి. చుట్టాలందరి డైరీల్లో ఉన్నది అదే.

ఇప్పుడు బాక్సు సంగతి. స్తంభం మీంచి వచ్చే సన్నటి నల్ల వైరు లోపల వెంట్రుకంత గాజు పోగు ఉంటుంది. అది వచ్చి దిగేది కంపెనీ వాళ్ళు పెట్టే ఆ బాక్సులోకే, దాన్ని ఓఎన్‌టీ అంటారు. బాక్సు వెనక ఆకుపచ్చ పిన్ను దూరే చోటు, నెట్ వైర్ల పోర్టులు, వాటి పక్కన కాస్త చిన్నగా ఫోన్ అనో టెల్ అనో రాసి ఉన్న పోర్టు ఉంటాయి. ఫోన్ వైరు పెట్టాల్సింది ఆ చిన్నదాంట్లో. మనం మాట్లాడే మాటని ఈ బాక్సే డేటాగా మార్చి, మన నంబరు పేరుతో కంపెనీ సర్వర్‌లో లాగిన్ అయి పంపుతుంది. ఆ లాగిన్ వివరాలు మామూలుగా మనకివ్వరు. బజార్లో కొన్న రౌటర్లలో చాలావాటికి ఫోన్ పోర్టూ ఉండదు, గాజు వైరు పెట్టే చోటూ ఉండదు. అందుకే బదులు పెట్టడమన్న మాటే లేదు.

నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, బాక్సుని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని కనెక్షన్ అబ్బాయిని పట్టుబట్టాను. అంటే బాక్సు ఊరికే వైరులా ఉంటుంది, నెట్ పని మొత్తం నా రౌటర్ చూసుకుంటుంది. అతను బాక్సుని రీసెట్ చేసి, నెట్ ఒక్కటీ బ్రిడ్జ్‌లో పెట్టి వెళ్ళిపోయాడు. నెట్ బ్రహ్మాండంగా వచ్చింది, నేను హైదరాబాద్ బస్సెక్కేశాను. నాలుగో రోజు మా పిన్ని ఫోన్ చేసి, “బావగారి ఫోన్ ఏమైందిరా? ఎప్పుడు చేసినా పనిచేయట్లేదంటోంది” అంది. అమ్మ, నేను మొబైల్‌లో మాట్లాడుకుంటూ ఉన్నాం, నాన్నగారేమో ‘ఈమధ్య ఎవరూ చేయట్లేదు’ అనుకుంటూ కూర్చున్నారు! రీసెట్‌తో ఫోన్ సెట్టింగులన్నీ చెరిగిపోయాయన్నమాట. ఆ అబ్బాయే మళ్ళీ వచ్చి ఆఫీసుకి ఫోన్ చేసి అవన్నీ ఎక్కించాడు. బ్రిడ్జ్ తప్పని కాదు. నెట్‌నీ ఫోన్‌నీ విడివిడిగా పెట్టడం తెలిసినవాళ్ళు చేస్తే రెండూ నడుస్తాయి. కానీ పెద్దవాళ్ళుండే ఇంటికి ఆ అవసరం ఏముంది?

అందుకని ఇప్పుడు మా ఇంట్లో ఉన్న ఏర్పాటు చెప్తాను. కంపెనీ బాక్సు ముందు హాల్లో ఉంది. దాని నెట్ పోర్టు నుంచి ఒక క్యాట్-6 రకం నెట్ వైరు వెనక గదిలోకి లాగాం, ఎందుకంటే మధ్యలో ఇనప బీరువా ఉంది, దాన్ని దాటి వైఫై వెళ్ళదు. ఆ వైరు చివర నా రౌటర్. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాను, అంటే అది బాక్సు నెట్‌నే ఆ గదిలో వైఫైగా పంచుతుంది, అంతే. ఈ మోడ్ చాలా రౌటర్లలో ఉంటుంది. లేకపోతే వైరుని వాన్ అని రాసిన పోర్టులో కాకుండా ల్యాన్ అని రాసిన పోర్టులో పెట్టి, రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లకీ టీవీలకీ అడ్రస్ నంబర్లు పంచే పని) ఆపేస్తే అదే పని అవుతుంది. ఆపే ముందు రౌటర్ అడ్రస్, అంటే దాని సెట్టింగుల పేజీ తెరవడానికి కొట్టే నంబరు, మాత్రం చూసుకోండి. బాక్సు 192.168.1.1, రౌటర్ కూడా 192.168.1.1 అయితే రెండూ గొడవపడతాయి, పేజీ తెరిస్తే ఒకసారి ఇదీ ఒకసారి అదీ వస్తుంది. రౌటర్‌కి 192.168.1.2 ఇచ్చి, బాక్సు ఆ నంబరు ఇంకెవరికీ పంచకుండా చూస్తే చాలు. రెండింటికీ వైఫై పేరు, పాస్‌వర్డు ఒకటే పెట్టండి. అమ్మకి రెండు పేర్లు చూపిస్తే ఏది నొక్కాలో తెలియక మొబైల్ డేటా మీదే బతికేస్తుంది.

స్పీడు గురించి కూడా అడిగారు. ఫోన్ మాటకి కావాల్సింది సెకనుకి సుమారు 90 కిలోబిట్లు, అంతే. 30 ఎంబీపీఎస్ (అంటే సెకనుకి 30 వేల కిలోబిట్లు) ప్లాన్‌లో అది లెక్కలోకే రాదు. మాట తెగుతోందంటే పెద్ద ప్లాన్ అమ్మజూస్తారు, వినకండి. ముందు వైరు చూడండి. గాజు పోగుని ఎక్కడైనా మరీ మడిచినా, తలుపు సందులో నలిపినా లోపల నెట్‌ని మోసే వెలుతురు తగ్గిపోతుంది. మా వైరు కొబ్బరిచెట్టు పక్కనుంచి లాగారు, ఒకరోజు మట్ట విరిగి దాని మీద పడింది. బాక్సు మీద ఎల్ఓఎస్ అని ఎర్ర లైటు మినుకు మినుకుమంటే ఇలాంటిదే జరిగినట్టు. అది రౌటర్ ఆపి పెడితే పోయేది కాదు, మనిషి రావాల్సిందే.

ఇక ఫోన్ సెట్టు. బాక్సు బాగైపోయాక కూడా నాన్నగారికి కాల్స్ వచ్చేవి గానీ, ఆయన చేస్తే వెళ్ళేవి కావు. మళ్ళీ కంపెనీనే తిట్టుకున్నాను. పండక్కి వెళ్ళినప్పుడు నేనే రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని నొక్కితే, అంకె నొక్కిన ప్రతిసారీ లోపల టక్ టక్ టక్ అని చప్పుడు. అది పల్స్ డయలింగ్, అంటే అంకెని టోన్‌తో కాకుండా అన్ని టక్‌లతో పంపే పాత పద్ధతి. పాత ఎక్స్‌ఛేంజికి ఆ టకటక అర్థమయ్యేది, మా బాక్సుకి అర్థం కాదు. సెట్టు తిరగేసి చూస్తే అడుగున గోరంత స్విచ్చు, ఒక పక్క పీ (పల్స్), ఒక పక్క టీ (టోన్). సూది మొనతో టీ వైపు జరిపాను. అంకె నొక్కగానే కూ, కీ అని టోన్ వచ్చింది. పని అయిపోయింది.

అయినా నా మొబైల్‌కి కలవలేదు! అది ఇంకో కథ. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కి చేయాలన్నా ముందు సున్నా కొట్టాలి. నాన్నగారు డైరీ చూసి పదంకెలే కొడుతున్నారు. రికార్డు చేసిన గొంతు చెప్తూనే ఉంటుంది గానీ, మాట పూర్తయ్యేలోపే ఆయన పెట్టేస్తారు. చివరికి అమ్మ ఒక మధ్యాహ్నం కూర్చుని, డైరీలో ప్రతి మొబైల్ నంబరు ముందూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది.

అన్నిటికంటే ముఖ్యమైంది కరెంటు. పాత రాగితీగ ఫోన్‌కి 48 వోల్టుల కరెంటు ఎక్స్‌ఛేంజి బ్యాటరీల నుంచే తీగలో వచ్చేది, ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఇప్పుడలా కాదు. బాక్సుకి కరెంటు లేకపోతే ఫోన్ లేదు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం. తీరా చూస్తే ఆ అబ్బాయి బాక్సుని టీవీ బోర్డుకి పెట్టాడు, మా టీవీ బోర్డు ఇన్వర్టర్ లైన్లో లేదు. ఎండాకాలం కోతలప్పుడు గానీ తెలియలేదు. లైన్ మార్పించాక కూడా ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో బాక్సు ఆరి మళ్ళీ వెలిగేది, ఫోన్ రావడానికి రెండు మూడు నిమిషాలు. అప్పుడు రౌటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్ (కరెంటు పోయినా ఆగకుండా నడిపే బ్యాటరీ) ఒకటి 1500 రూపాయల్లో కొన్నాను. మాకు రెండున్నర గంటలు నడుస్తోంది. కొనేముందు బాక్సు అడాప్టర్ మీద రాసింది చదవండి. మా బాక్సు 12 వోల్టులు, రౌటర్ 9 వోల్టులు, పిన్నులు మాత్రం అచ్చు ఒకేలా ఉన్నాయి. అటుది ఇటు పెడితే రౌటర్ మాడిపోతుంది. నేను అడాప్టర్ల మీద ప్లాస్టర్ అంటించి పేర్లు రాశాను.

కనెక్షన్ అయ్యాక ఆ అబ్బాయి ఓటీపీ చెప్పమంటాడు, అది చెప్తే అతని లెక్కలో పని అయిపోయినట్టే. తొందరపడకండి. కాస్త మంచినీళ్ళో టీయో ఇచ్చి కూర్చోబెట్టి, అతని ముందే ల్యాండ్‌లైన్ నుంచి మీ మొబైల్‌కి ఒక కాల్, మొబైల్ నుంచి ల్యాండ్‌లైన్‌కి ఒక కాల్ చేయించండి. తర్వాత బాక్సుని యూపీఎస్‌కి పెట్టి మెయిన్ ఆపేయండి. ఫ్యాన్లు ఆగాక రిసీవర్ ఎత్తి నాన్నగారి చెవికి పెట్టండి. టోన్ వినబడుతోందని ఆయన అన్నాకే ఓటీపీ చెప్పండి.