వరుసలు లెక్కపెట్టి జన్యువులనకు

అమ్మాయీ,

వ్యాసం చదివాను. ఎత్తుగడ బాగుంది. రెండో పేజీలో "బ్లాస్ట్ 340 జన్యువులు పట్టిచ్చింది" అన్నావు చూడు, అక్కడ ఒళ్ళు మండింది. బ్లాస్ట్ ప్రోగ్రామ్ మనమిచ్చిన సీక్వెన్సుని, అంటే డీఎన్‌ఏ లాంటివాటి అక్షరాల క్రమాన్ని (క్వెరీ), డేటాబేస్‌లోని సీక్వెన్సులతో (సబ్జెక్ట్‌లు) పోలుస్తుంది. అవి దాని ఫలితాల్లో 340 వరుసలు, అంతే. ఒక్క వరుస అంటే రెండు సీక్వెన్సులు ఒకచోట అతికిన ఒక ముక్క. ఎంఆర్‌ఎన్‌ఏతో (జన్యువు నుంచి తయారయ్యే నకలు) జీనోమ్‌ని (మొత్తం డీఎన్‌ఏ) వెతికితే ఎనిమిది ఎక్సాన్ల (ఆ నకలులో మిగిలే జన్యువు ముక్కలు) జన్యువు ఎనిమిది వరుసలై కూర్చోవచ్చు. పోనీ డిస్టింక్ట్ (ఒకే పేరుని ఒక్కసారే లెక్కించడం) పెట్టి సబ్జెక్ట్ ఐడీలు లెక్కపెడదామంటే జీనోమ్ విషయంలో క్రోమోజోముల లెక్క వస్తుంది! క్వెరీ, క్రోమోజోము, స్ట్రాండ్ (డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఏదో) వారీగా విడదీసి, దగ్గర దగ్గర స్థానాలను ఒక గుంపుగా కలపాలి.

దీనికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ప్రోగ్రామ్ చాలు. బ్లాస్ట్ ఫలితాల్ని పట్టికగా ఇచ్చే ఫార్మాట్ 6లో మామూలుగా వచ్చే 12 కాలమ్‌లకి క్వెరీ పొడవు, సబ్జెక్ట్ పొడవు కలుపుకో. 1,500 అక్షరాల్లో 50 అక్షరాలు మాత్రమే 98 శాతం కలిస్తే ఏం లాభం? పొడవు లేకపోతే ఆ సంగతే తెలియదు. ఈ-వాల్యూ (ఇలాంటి పోలికలు ఊరికే ఎన్ని దొరకవచ్చో చెప్పే అంకె, తక్కువైతే మేలు) కాలమ్‌ని రియల్‌గా, అంటే సంఖ్యగా, పెట్టు. టెక్స్ట్‌గా ఉంచితే 1e-5 ముందూ 2e-50 వెనకా వస్తాయి, చెత్త పోలిక పైకెక్కుతుంది. అన్నట్టు, డేటాబేస్ రెట్టింపైతే అదే పోలికకి ఈ-వాల్యూ కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది. అందుకే ఏ తేదీ డేటాబేస్, ఏ సెట్టింగులు అన్నది వేరే టేబుల్‌లో రాసిపెట్టుకో. నిరుటి ఫలితంతో పోల్చాలంటే డేటాబేస్ సైజుతో మారని బిట్ స్కోరు చూడు.

మ్యాక్స్ టార్గెట్ సీక్వెన్సెస్ (ఎన్ని సబ్జెక్ట్‌ల దాకా ఇవ్వాలన్న హద్దు) 1 పెట్టి "అత్యుత్తమ పోలిక" అని రాసేశావు. ఆ హద్దు వెతుకులాట మధ్యలోనే పనిచేస్తుంది, అసలైన మంచి పోలిక అక్కడే రాలిపోవచ్చు. మామూలుగా ఉండే 500 అలాగే ఉంచి, ఏరుకునే పని ఎస్‌క్యూఎల్‌తో (డేటాబేస్‌ని అడిగే భాష) చెయ్యి.

ఫైల్ ఎక్సెల్‌లో తెరిచానన్నావు. MARCH1 అన్న జన్యువుని అది మార్చి ఒకటో తేదీ చేసేస్తుంది. ఆ బాధ పడలేకే 2020లో జన్యువుల పేర్ల కమిటీ దాన్ని MARCHF1గా మార్చింది.

వ్యాసంలో ఈ లెక్కల పట్టిక కనిపిస్తే "పాఠకుడు పారిపోతాడు" అంటూ ఎడిటర్లు కత్తెర తీస్తారు. ఒప్పుకోకు. పట్టిక లేకుండా అచ్చయిన సైన్సు వ్యాసాలు ఇప్పటికే బోలెడున్నాయి.

ఇంకొకటి. ఏ పోలికా దొరకని క్వెరీకి ఫార్మాట్ 6 ఒక్క అక్షరం కూడా రాయదు, కాబట్టి నీ లెక్కలో అవి అసలు లేవు. పంపిన క్వెరీలన్నీ ఒక టేబుల్‌లో పెట్టి, ఫలితాలతో లెఫ్ట్ జాయిన్ (ఫలితం లేని క్వెరీలు కూడా మిగిలేలా కలపడం) చెయ్యి. ఖాళీగా మిగిలినవి ఎన్నో చూసి, ఆ సంఖ్యతో రెండో పేజీ తిరగరాసి పంపు.