తమ్ముడి మాత్ర అక్కకు ఇవ్వవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరకపోవడం, అతిచురుకుదనం ఉండే సమస్య) డాక్టరు రాసిన మిథైల్‌ఫెనిడేట్ వాడుతున్నాడు. నీట్‌కు చదువుతున్న అక్క, రాత్రి మేలుకోవడానికి ఒక మాత్ర ఇమ్మంటోంది. ఇవ్వవచ్చా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: ఇవ్వకండి. మీ అబ్బాయికి డాక్టరు రక్తపోటు, నాడి, బరువు గమనిస్తూ మోతాదును కొద్దికొద్దిగా కుదిర్చి ఉంటారు; అదే మాత్ర, బయటపడని గుండె జబ్బు ఉన్న మరొకరిలో గుండె లయ తప్పేలా చేయవచ్చు, కొందరిలో తీవ్రమైన ఆందోళనను, అరుదుగా భ్రమలను కూడా కలిగించవచ్చు. నిద్రను ఆపుతుంది, నిజమే. కానీ నిద్రలేని మెదడులో చదివింది సరిగా నిలవదు. పైగా ఇది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోని మందు కనుక, ఇంట్లోవారికైనా డాక్టరు చీటీ లేకుండా ఇవ్వడం చట్టవిరుద్ధం. మాత్రలను లెక్కపెట్టి, బీరువాలో తాళం వేసి ఉంచండి. అమ్మాయి ఇప్పటికే వేసుకుని, ఛాతీనొప్పి, గుండెదడ ఉన్నాయంటే వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లి, మాత్ర సంగతి దాచకుండా చెప్పండి.