ఫైలు అమ్మాయి చేతికి ఇవ్వు

తమ్ముడికి,

రాయగడ నుంచి అక్క ఆశీస్సులు. నిన్న రాత్రి ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయావు. ఆ తరువాత నాకూ నిద్ర పట్టలేదు. నోటితో చెప్పబోతే ఇద్దరం ఏడ్చి ఊరుకుంటాం, అందుకే రాస్తున్నాను. మరదలికి కూడా చదివి వినిపించు.

అమ్మాయికి హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అన్నారన్నావు. ఆరేళ్ళ కిందట మా చిన్నవాడికి వచ్చిందీ అదే. అప్పుడు వాడికి 21. మెడ పక్కన బిళ్ళ కడితే టీబీ అనుకుని కొన్నాళ్ళు తిరిగాం. పడుచు వయసులో ఎక్కువగా కనిపించే జబ్బు ఇది. మందులకు బాగా లొంగే క్యాన్సర్లలో ఇదొకటని డాక్టర్లే చెబుతారు. ఆ మాట గట్టిగా పట్టుకో.

నువ్వన్న ఒక్క మాట మాత్రం నాకు గుచ్చుకుంది. "దానికి జబ్బు పేరు చెప్పలేదక్కా, గడ్డకు మందులన్నాం" అన్నావు. మేమూ అదే చేశాం. వాణ్ణి బయట కూర్చోబెట్టి నేనూ మీ బావా డాక్టరు గదిలోకి వెళ్ళేవాళ్ళం. ఒకరోజు స్కానింగు వరుసలో వాడి చేతికి ఫైలు ఇచ్చి మంచినీళ్ళ కోసం వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఫైలు మూసి ఒళ్ళో పెట్టుకుని, దాని దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. ఇంటికి వచ్చాక, అన్నం ముందు కూర్చుని, "పక్కింటి వాళ్ళకు కూడా తెలుసు కదమ్మా" అన్నాడు. ఆ మాటకు ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.

ఈ ఉత్తరం అందిన రోజే అమ్మాయికి చెప్పు. 22 ఏళ్ళ మనిషి. బాధపడేది తన ఒళ్ళు, కాగితాల మీద పెట్టేది తన సంతకం. డాక్టరుకు ఎదురుగా తను కూర్చోవాలి, మీరు పక్కన కూర్చోండి. ఫైలు తన చేతికి ఇవ్వు. ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో కూడా తననే అడుగు. "పెళ్ళి కావలసిన పిల్ల" అంటూ బంధువులు నీ చెవిలో పోరుతారు. ఆ లెక్కలు ఇప్పుడు వద్దు, తమ్ముడూ. ప్రాణం ముందు.

ఇంకో సంగతి. మొదటి డోసు ఎక్కించకముందే పిల్లలు పుట్టడం గురించి డాక్టరును అడగాలి. సాధారణంగా ఈ జబ్బుకు మొదట ఇచ్చే నాలుగు మందుల వైద్యంలో ఆ నష్టం తక్కువే. అయినా ఒక్కొక్కరి సంగతి ఒక్కోలా ఉంటుంది. అండాలు దాచి ఉంచే పద్ధతి ఉంది, దానికి రెండు వారాల వరకు పడుతుంది కనుక ముందే తేల్చుకోవాలి. ఆ మాటలప్పుడు నువ్వు బయటికి వచ్చెయ్. తండ్రి ఎదుట ఆడపిల్ల అడగలేనివి ఉంటాయి.

ఆసుపత్రి విషయంలో విశాఖ అగనంపూడి అనుకున్నారు కదా, మంచిదే. టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అది. రిపోర్టులు ఒక్కటే చాలవు, బయాప్సీ చేసిన చోటు నుంచి గడ్డ ముక్క భద్రపరిచిన స్లైడ్లు, బ్లాకు కూడా అడిగి పట్టుకెళ్ళు. శ్రీకాకుళం చుట్టాలు ఆరోగ్యశ్రీ వస్తుందంటారు. అది ఆంధ్రలో ఉన్నవాళ్ళకు, మనది ఒడిశా కార్డు. ఆయుష్మాన్-గోపబంధు ఆరోగ్య పథకం కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకు అదనంగా మరో 5 లక్షలు ఉన్నాయి. చేర్చే ముందే అక్కడి కౌంటరులో కార్డు చూపించి ఖాయం చేసుకో. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, మెట్రిక్ సర్టిఫికెట్‌లో వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించు. మమ్మల్ని ఆ ఒక్క తేడా మూడుసార్లు తిప్పింది. రైలుకు ఆసుపత్రి వాళ్ళు రాయితీ పత్రం ఇస్తారు. స్లీపరు, థర్డ్ ఏసీలో రోగికి ఛార్జీ ఉండదు, తోడు వెళ్ళేవారికి నాలుగింట మూడు వంతులు తగ్గుతుంది.

ఇక జ్వరం. ఉత్తరమంతా మరిచిపోయినా ఇది మరిచిపోకు. డోసు పడ్డాక వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. మావాడికి అయిదో డోసు తరువాత ఒక రాత్రి ఒళ్ళు వెచ్చబడింది. పారాసెటమాల్ వేసి, పొద్దున్నే చూద్దాంలే అనుకున్నాను. తెల్లవారేసరికి మంచం కదిలేటంత వణుకు. ఆరు రోజులు ఆసుపత్రిలో యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆ రాత్రి నేను ఫోను చేయవలసింది. థర్మామీటరు 100.4 చూపిస్తే, అర్ధరాత్రయినా అపరాత్రయినా ఆసుపత్రికి ఫోను చెయ్. వాళ్ళను అడగకుండా జ్వరం మాత్ర వెయ్యకు, అది జ్వరాన్ని కప్పేస్తుంది. విశాఖ దూరం కనుక, వెంటనే యాంటీబయాటిక్ సూది మొదలుపెట్టగల ఆసుపత్రి మీకు దగ్గరలో ఏదుందో మొదటి డోసుకు ముందే డాక్టరుతో మాట్లాడి ఉంచు.

మందుల్లో ఒకటి ఎర్రగా ఉంటుంది. ఆ రోజూ మర్నాడూ మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తం కాదు. అమ్మాయికి ముందే చెప్పు. పొడి దగ్గు గానీ ఆయాసం గానీ వస్తే చిన్నదని ఊరుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

తిండి దగ్గర మరదలు పట్టుపట్టకూడదు. నేను ఇంగువ పోపు వేస్తే మావాడు ముక్కు మూసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవాడు. నాకు ఏడుపొచ్చేది. చివరికి పొయ్యి పెరట్లోకి మార్చాను. చల్లారిన ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, పలుచని పప్పుకట్టు, ఏది దిగితే అది, కొంచెం కొంచెంగా. చలవ చేస్తుందని చద్దన్నం, పఖాళ పెట్టకండి, రాత్రంతా నానిన అన్నం ఇప్పుడు వద్దు. ఎవరు ఏ వేరు తెచ్చినా, ఏ పసరు తెచ్చినా డాక్టరుకు చూపించకుండా నోట్లో పడకూడదు. తెచ్చినవాళ్ళకు కోపం వస్తే రానీ. నేను మజ్జిగౌరమ్మకు మొక్కుకున్నాను. కానీ చైత్ర ఉత్సవాల జనంలోకి అమ్మాయిని తీసుకురావద్దు. మొక్కు నేను తీరుస్తాను.

రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుంది. దిండు మీద కుచ్చులుగా చూసుకోవడం కన్నా ముందే పొట్టిగా కత్తిరించుకోవడం మేలని చాలామంది అంటారు. అదీ తన ఇష్టమే. గుండు చూసి దారిలో వాళ్ళు "ఏ కొండకు వెళ్ళి వచ్చావమ్మా?" అని అడుగుతారు. మావాడు ఒకరికి తిరుపతి అనేవాడు, ఇంకొకరికి నిజం చెప్పేవాడు. ఎవరికి ఏది చెప్పాలో వాడే ఎంచుకునేవాడు, మేం మధ్యలో మాట్లాడేవాళ్ళం కాదు.

స్నేహితులు ఫోను చేస్తే గదిలోంచి లేచి వెళ్ళిపోండి. చదువు ఆగిపోతుందని తను దిగులు పడితే, "ముందు ఆరోగ్యం చూసుకో" అని నోరు మూయించకుండా కాలేజీకి అర్జీ రాసే పని తనతోనే చేయించు. నీకు ఏడుపొస్తే ఏ అర్ధరాత్రైనా నాకు ఫోను చెయ్.

రేపు పొద్దున గుణుపురం బస్సులో ఈ ఉత్తరంతో పాటు రెండు థర్మామీటర్లు పంపిస్తున్నాను. ఒకటి ఇంట్లో, ఒకటి ప్రయాణపు సంచిలో ఉంచు. మొదటి డోసుకు నేను తోడు రావాలనుకుంటున్నాను. నువ్వు సరే అనడం కాదు, అమ్మాయిని అడిగి చెప్పు.

మీ అక్క