ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనాలంటే ఇంటికి ఎంత రాబడి ఉండాలి?

పోయిన నెల బరంపురం వెళ్లినప్పుడు మా వీధి బాబాయ్ ఒకాయన వచ్చి కూర్చున్నారు. కొడుకూ కోడలూ కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటున్నారు. ఇల్లు కొంటాం, గోపాల్‌పూర్ దారిలో ఉన్న స్థలం అమ్మి డబ్బు పంపమన్నారట. "ఇద్దరి జీతం కలిపి 2,60,000 డాలర్లట. సరిపోదా బాబూ?" అని అడిగారు. పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి వచ్చిన పిల్లలూ నన్ను ఇదే అడుగుతుంటారు. ఆయనకు కాగితం మీద వేసి చూపించిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

పిల్లలకు మంచి స్కూలు ఉన్న చోట ఇల్లు 15 లక్షల డాలర్లు అనుకుందాం. 20 శాతం, అంటే 3 లక్షలు చేతి నుంచి కట్టాలి. అంతకంటే తక్కువ కడితే అప్పుకు విడిగా ఇన్సూరెన్స్ పడుతుంది. మిగతా 12 లక్షలు 30 ఏళ్ల అప్పు. వడ్డీ ఆరున్నర శాతమైతే నెలకు దాదాపు 7,585 డాలర్లు. ఇంటి పన్ను ఏడాదికి 1.2 శాతం చొప్పున నెలకు 1,500. ఇంటి ఇన్సూరెన్స్ 200 వేసుకున్నా మొత్తం 9,300 దగ్గరికి వస్తుంది.

ఇంటి ఖర్చు పన్నులు కోయకముందు జీతంలో 28 శాతం దాటకూడదని అక్కడ పాత లెక్క ఒకటుంది. దాని ప్రకారం ఈ ఇంటికి ఏడాదికి దాదాపు 4 లక్షల డాలర్ల రాబడి కావాలి. అయితే కారు అప్పులూ అవీ లేకపోతే, జీతంలో 43 శాతం దాకా వాయిదాలకు పోయినా అప్పిచ్చే బ్యాంకులున్నాయి. అలా చూస్తే 2,60,000 జీతానికీ అప్పు పుడుతుంది. పిల్లలు అక్కడే పొరబడతారు. అప్పు పుట్టింది కాబట్టి తట్టుకోగలమనుకుంటారు. పన్నులన్నీ పోగా వాళ్ల చేతికొచ్చేది నెలకు 15,000కు కాస్త అటూ ఇటూ. ఇంటికి 9,300 పోతే మిగిలే 5,700లోనే పిల్లల డేకేర్, కార్లు, తిండి, ఇండియా టికెట్లు, అన్నీ.

నేను 2007లో అమెరికాలో ఇల్లు కొన్నప్పుడు ఇద్దరి జీతాలూ కలిపే లెక్క వేశాను. 2009లో మా ఆవిడ ఉద్యోగం పోయింది. పద్నాలుగు నెలలు నా ఒక్క జీతంతో వాయిదాలు కట్టాం. మా నాన్న పోయినప్పుడు టికెట్టు డబ్బు స్నేహితుడి దగ్గర తీసుకుని వెళ్లాను. ఆ రోజుల టెన్షన్ నాకింకా పోలేదు. అందుకే ఎవరు అడిగినా ఒకటే చెబుతాను. ఇద్దరిలో పెద్ద జీతం ఒక్కటే తీసుకుని లెక్క వేయండి. దానితో వాయిదా కట్టి ఇల్లు గడిస్తేనే ఆ ఇల్లు మీ స్థోమతలో ఉన్నట్టు.

హెచ్-1బీ, అంటే ఉద్యోగం మీద ఇచ్చే వీసా మీద ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికో దేశం వదలడానికో గరిష్ఠంగా 60 రోజులే గడువు. కంగారులో ఇల్లు అమ్మితే ఆ ఖర్చులకే ధరలో ఐదారు శాతం పోవచ్చు. కనీసం ఆరు నెలల వాయిదాలు విడిగా బ్యాంకులో ఉండాలి. ఆ 3 లక్షల్లోంచి దీన్ని లెక్కపెట్టకండి.

పన్ను విషయంలో ఇంకో మాట. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రాప్ 13 అనే చట్టం ప్రకారం, ఇల్లు చేతులు మారనంత కాలం పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగదు. కాబట్టి ఇరవై ఏళ్ల కిందట కొన్నాయన కట్టే పన్ను చూసి మురిసిపోకండి. మీరు కొనగానే మీ ధర మీద కొత్తగా లెక్క వేస్తారు. ఆ తేడాకు సప్లిమెంటల్ బిల్లు కొన్ని నెలల తర్వాత విడిగా ఇంటికొస్తుంది.

ఇక బాబాయ్ స్థలం సంగతి. పట్టా ఆయన పేరున ఉంది కాబట్టి, ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఏడాదికి 2,50,000 డాలర్ల వరకూ కొడుక్కి పంపవచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. ఆదాయపన్ను రిటర్న్ వేసినప్పుడు అది లెక్కలోకి వస్తుంది గానీ అప్పటిదాకా డబ్బు ఆగిపోతుంది. ఏడాదిలో లక్ష డాలర్లు దాటి అందుకుంటే కొడుకు అమెరికాలో ఆ బహుమతి వివరం తెలిపే ఫారం 3520 వేయాలి. పన్నేమీ లేదు, వేయకపోతే మాత్రం జరిమానా భారీగా ఉంటుంది. అది అప్పు కాదు, బహుమతే అని తండ్రి సంతకంతో గిఫ్ట్ లెటర్ కూడా అప్పిచ్చేవాళ్లు అడుగుతారు.

మన వైపు అద్దె ఇల్లంటే నామోషీ. "ఎన్నాళ్లు అద్దె కడతారు?" అని ఇంటి నుంచి ఫోను రాని వారం ఉండదు. పెద్దవాళ్లకు నా విన్నపం, ఆ మాట కొన్నాళ్లు ఆపండి.

10 లక్షల డాలర్లలో టౌన్‌హౌస్, అంటే పక్కింటితో గోడ కలిసిన ఇల్లు దొరికితే వేరే లెక్క. రెండు లక్షలు కడితే వాయిదా, పన్ను, ఉమ్మడి ఖర్చులకు కట్టే అసోసియేషన్ ఫీజు కలిపి నెలకు 6,500 ప్రాంతం. పెద్ద జీతం 1,60,000 అయితే నెలకు పది వేల దాకా చేతికొస్తుంది, ఇరుగ్గానైనా గడుస్తుంది. ఈ రెండో లెక్క కూడా అదే కాగితం వెనక రాసిచ్చాను. బాబాయ్ దాన్ని జేబులో పెట్టుకుని, "అమ్మకం సంగతి వాడు ఇది చూశాక మాట్లాడదాం" అని లేచారు.